కమాండ్ కంటే ముందు జ్యామితి: క్లిష్టమైన పైకప్పుల మోడలింగ్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజున కూడా ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషం.

భవనాల మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో మీలో ఎక్కువమంది రెవిట్ వాడుతున్నారు. కొందరు ఆర్కీక్యాడ్, కొందరు స్కెచప్, చివరి సంవత్సరం వాళ్లు రైనో కూడా వాడుతున్నారు. గోడలు, కిటికీలు, మెట్లు అన్నీ సాఫీగా వచ్చేస్తాయి. కప్పు దగ్గరికి వచ్చేసరికి మోడల్ మొండికేస్తుంది. ఒక మూల అనవసరంగా పైకి లేస్తుంది. రెండు వాలులు కలవాల్సిన చోట సందు మిగులుతుంది. లేదంటే అసలు కప్పే తయారు కాదని ఎర్రర్ వస్తుంది. రేపు రివ్యూ పెట్టుకుని ఈ రాత్రి ఆ ఎర్రర్ చూస్తే ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు అందరూ చేసే పని ఇంకో కమాండ్ కోసం వీడియోలు వెతకడం.

ఈరోజు నేను చెప్పేది అంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. కప్పు అంటే కొన్ని తలాలు ఒకదాన్నొకటి కోసుకునే చోటు. ఏ తలం ఎక్కడ మొదలవుతుంది, ఎంత వాలుతో లేస్తుంది, పక్క తలాన్ని ఎక్కడ తాకుతుంది అనేవి మీ కాగితం మీద తేలాలి. అవి తేలితే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కప్పు వస్తుంది. తేలకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా మీ బదులు నిర్ణయం తీసుకోదు.

మాటలతో కంటే లెక్కతో చూద్దాం. ఎల్ ఆకారంలో ఒక ఇల్లు. పెద్ద రెక్క వెడల్పు 8 మీటర్లు, చిన్న రెక్క వెడల్పు 6 మీటర్లు. గోడల ఎత్తు అంతటా ఒకటే. కప్పు వాలు 30 డిగ్రీలు. రెవిట్‌లో రూఫ్ బై ఫుట్‌ప్రింట్, అంటే ప్లాన్ చుట్టుగీత నుంచి కప్పు లేపే కమాండ్, తీసుకుని గోడల్ని ఎంచుకుని ఓకే కొట్టారు. కప్పు వచ్చింది. కానీ నడికొప్పులు, అంటే రెండు వాలులు పైన కలిసే గీతలు, రెండూ ఒకే ఎత్తులో లేవు. ఎందుకు?

30 డిగ్రీల వాలంటే ప్రతి మీటరుకీ దాదాపు 58 సెంటీమీటర్లు లేస్తుంది. పెద్ద రెక్కలో గోడ నుంచి నడికొప్పుకి 4 మీటర్లు. అంటే 2.31 మీటర్ల ఎత్తు. చిన్న రెక్కలో 3 మీటర్లే, కాబట్టి 1.73. తేడా 58 సెంటీమీటర్లు. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. మీరిచ్చిన వెడల్పులకీ వాలుకీ వచ్చే కప్పు అదే.

ఇప్పుడు క్లయింట్ రెండు నడికొప్పులూ ఒకే ఎత్తులో కావాలన్నారు. చిన్న రెక్క వాలు పెంచాలి. 3 మీటర్లలో 2.31 లేవాలంటే వాలు 37న్నర డిగ్రీలు దాటుతుంది. సరే, పెంచారు. నడికొప్పులు కలిశాయి. కింద చూడండి, చూరు తెగిపోయింది. కారణం ఇది. చూరు గోడ దాటి 60 సెంటీమీటర్లు బయటికి వచ్చిందనుకుందాం. 30 డిగ్రీల వాలులో ఆ 60 సెంటీమీటర్లకి చూరు అంచు గోడ మట్టం కంటే 35 సెంటీమీటర్లు దిగుతుంది. నిటారు వాలులో 46 దిగుతుంది. మూల దగ్గర రెండు అంచులకీ మధ్య 11 సెంటీమీటర్ల పైచిలుకు తేడా. అక్కడ చూరు అంచుకి కొట్టే ఫేషియా చెక్క కలవదు, వాననీటి గట్టర్ కలవదు.

దీనికి పరిష్కారం నిటారుగా ఉన్న వైపు చూరుని 60 నుంచి 45 సెంటీమీటర్లకి తగ్గించడం. అప్పుడు రెండు అంచులూ 35 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతాయి. రెవిట్‌లో అలైన్ ఈవ్స్ అనే టూల్ చేసేది సరిగ్గా ఈ పనే. చూరు పొడవు మార్చమంటారా, గోడ మీద కప్పు కూర్చునే మట్టం మార్చమంటారా అని అది మిమ్మల్ని అడుగుతుంది. ఈ లెక్క తెలియని వాళ్లకి ఆ ప్రశ్న అర్థం కాదు, ఏదో ఒకటి నొక్కేస్తారు. నా అభిప్రాయం అడిగితే చిన్న రెక్క కొప్పుని కిందే వదిలేయమంటాను. చిన్న కప్పు పెద్ద కప్పు వాలులోకి వెళ్లి ఆగడం చూడటానికి బాగుంటుంది, కట్టడానికీ తేలిక. కానీ అది మీరు తెలిసి తీసుకున్న నిర్ణయం అయి ఉండాలి.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. ఫుట్‌ప్రింట్ గీసేటప్పుడు వట్టి గీతలు గీయకండి, పిక్ వాల్స్ వాడండి. గోడని పట్టుకుని గీస్తే వాలు గోడ దగ్గర నుంచి లెక్కలోకి వస్తుంది. చూరు పొడవు మార్చినా నడికొప్పు కదలదు. వట్టి గీతలైతే వాలు చూరు అంచు నుంచి మొదలవుతుంది. చూరు పది సెంటీమీటర్లు పెంచితే నడికొప్పు కూడా లేస్తుంది. సెక్షన్‌లో, అంటే నిలువుగా కోసి చూసే బొమ్మలో, ఎత్తులు మారిపోతున్నాయని తల పట్టుకునే వాళ్లలో చాలామంది సమస్య ఇదే.

ఇంతకీ మనం ఓకే కొట్టాక లోపల ఏ లెక్క జరగాలి? దీని వెనుక చాలా అందమైన జ్యామితి ఉంది. 1995లో ఐకోల్జర్, ఆరెన్‌హామర్, ఆల్బర్ట్స్, గార్ట్‌నర్ అనే నలుగురు పరిశోధకులు స్ట్రెయిట్ స్కెలిటన్ అనే నిర్మాణాన్ని వివరించారు. ఇంటి ప్లాన్ చుట్టుగీతని ఊహించుకోండి. ప్రతి అంచునీ ఒకే వేగంతో, తనకి తాను సమాంతరంగా లోపలికి జరపండి. ఆకారం కుంచించుకుపోతూ ఉంటుంది. జరుగుతున్నంతసేపూ మూలలు కొన్ని గీతలు గీసుకుంటూ పోతాయి. మధ్యలో రెండు సంఘటనలు జరగవచ్చు. ఒక చిన్న అంచు అరిగిపోయి మాయమవుతుంది. లేదా లోపలికి పొడుచుకొచ్చిన మూల ఎదురుగా ఉన్న అంచుని తాకి ఆకారాన్ని రెండు ముక్కలు చేస్తుంది. చివరికి ఏమీ మిగలకుండా పోయేసరికి మూలలు గీసిన గీతలన్నీ కలిపి ఒక బొమ్మ తయారవుతుంది. ఆ గీతలే మీ కప్పులో మూలవాసాలు (బయటి మూల నుంచి పైకెక్కే గీతలు), వ్యాలీలు (రెండు వాలులు లోయలా కలిసే గీతలు), నడికొప్పులు. అంచు ఎంత దూరం జరిగితే కప్పు దానికి తగ్గట్టు అంత ఎత్తు లేచినట్టు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. ఇలా తయారైన కప్పు మీద నీరు ఎక్కడా నిలవదు. ఏ చుక్క ఎక్కడ పడినా చివరికి చూరు చేరుతుంది. ప్లాన్ ఎంత వంకరటింకరగా ఉన్నా సరే. దీన్ని వాళ్లు నిరూపించారు కూడా.

అంచులు వేర్వేరు వేగాలతో జరిగితే? అది వేర్వేరు వాలులున్న కప్పు. అప్పుడు మూలవాసం మూలని సరిసమానంగా చీల్చదు, నిటారు వాలు ఉన్న వైపుకి ఒరుగుతుంది. ఒక అంచు అసలు జరగకపోతే? అది గేబుల్, అంటే అక్కడ వాలు బదులు నిలువు గోడే పైదాకా లేస్తుంది. రెవిట్‌లో ఆ గీతకి డిఫైన్స్ స్లోప్ అనే టిక్ తీసేస్తారు చూడండి, అదే. ఇక్కడ జాగ్రత్త. టిక్కులు మీ ఇష్టానికి తీసేస్తూ పోతే పైన చెప్పిన భరోసా కూడా పోతుంది. అలాగని తీయాల్సిన చోట ఉంచేయకండి. పక్కింటి గోడకి ఆనుకున్న అంచుకి టిక్ ఉంచేసి, నీళ్లన్నీ ఆ గోడ మీదికే తోసే కప్పులు నేను రివ్యూల్లో తరచూ చూస్తుంటాను.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కోనసీమ వైపు, గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు చూసే ఉంటారు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నాలుగు వైపులా పెంకుటి కప్పు, సగం వాలు బయటికి, సగం లోపలికి. దీన్ని మోడల్ చేయమంటే నాలుగు కప్పులు విడివిడిగా గీసి జాయిన్ చేయడానికి తంటాలు పడేవాళ్లే ఎక్కువ. అవసరం లేదు. ఒకే ఫుట్‌ప్రింట్‌లో రెండు లూపులు, అంటే మూసిన చుట్టుగీతలు, గీయండి. బయటిది ఇంటి చుట్టూ, లోపలిది మండువా చుట్టూ. రెండు లూపుల గీతలకీ వాలు ఇవ్వండి. నడికొప్పు దానంతటదే మధ్యలో చుట్టూ తిరుగుతుంది.

14 మీటర్లకి 12 మీటర్ల ఇల్లు, మధ్యలో 6కి 4 మీటర్ల మండువా అనుకుందాం. నాలుగు వైపులా వసారా వెడల్పు 4 మీటర్లే వస్తుంది. కొప్పు అంతటా ఒకే ఎత్తు. బయటి మూల నుంచి లేచిన మూలవాసం కొప్పు దాకా ఎక్కి, అదే గీతలో వ్యాలీగా మారి మండువా మూలకి దిగుతుంది. పైనుంచి చూస్తే ఒకే ఏటవాలు గీత. అదే మండువాని 4కి 4 మీటర్లు చేయండి. రెండు వైపులా వసారా 5 మీటర్లు, మిగతా రెండు వైపులా 4 మీటర్లు అవుతుంది. కొప్పులు రెండు ఎత్తుల్లోకి విడిపోతాయి. ఎల్ ఆకారం ఇంట్లో చూసిన గొడవే మళ్లీ వస్తుంది.

లోపలి చూరు బయటి చూరు కంటే కిందికి ఉండాలంటే ఆ లోపలి గీతల్ని ఎంచుకుని ఆఫ్‌సెట్ ఫ్రమ్ రూఫ్ బేస్ దగ్గర మైనస్ విలువ ఇవ్వండి. 30 డిగ్రీల వాలుతో 60 సెంటీమీటర్లు దించితే కొప్పు బయటివైపుకి అర మీటరు పైగా జరుగుతుంది. ఆ కొప్పు కింద ఇప్పుడు గోడ ఉందా, స్తంభం ఉందా, ఏమీ లేదా అని సెక్షన్ కోసి చూడండి. చాలాసార్లు ఏమీ ఉండదు.

వ్యాలీ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పెంకుటింట్లో వాన కారేది ఎక్కువగా అక్కడే. కప్పు వాలు 30 డిగ్రీలైనంత మాత్రాన వ్యాలీ వాలు కూడా 30 డిగ్రీలు కాదు. అదే ఎత్తు దిగడానికి వ్యాలీ ఏటవాలుగా ఎక్కువ దూరం పోతుంది. లంబకోణపు మూలలో ఆ దూరం 1.41 రెట్లు. కాబట్టి వ్యాలీ వాలు 22 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. కప్పు మొత్తం మీద నీరు నెమ్మదిగా కదిలేది అక్కడే, ఎక్కువ నీరు చేరేదీ అక్కడే. కొప్పు నుంచి మండువా అంచుకి 2 మీటర్లనుకోండి. ప్రతి మూలలో 2 మీటర్లకి 2 మీటర్లు, అంటే 4 చదరపు మీటర్ల మీద పడిన వాన ఒక్క బిందువు దగ్గర దిగుతుంది. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్కో మూలకి గంటకి 200 లీటర్లు. మోడల్‌లో ఆ మూల ఒక గీతలా కనిపిస్తుంది. సైట్‌లో అక్కడ రేకు కావాలి, దాని వెడల్పు కావాలి, రెండు వైపులా పెంకులు కోయాలి. ఆ వివరం మోడల్‌లో లేకపోతే డ్రాయింగ్‌లోనూ ఉండదు, మేస్త్రీ తనకి తోచింది చేస్తాడు.

చదును డాబా కూడా క్లిష్టమైన కప్పే అంటే ఒప్పుకోరు చాలామంది. నీళ్లు పోవడానికి డాబాకి మేస్త్రీ పెట్టే వాటం, ఆ కొద్దిపాటి వాలు, ఉంది కదా, దాన్ని మోడల్ చేశారా ఎప్పుడైనా? 12 మీటర్లకి 10 మీటర్ల డాబా, ఒక మూలలో ఒకే గొట్టం. మీటరుకి సెంటీమీటరు వాటం ఇస్తే, 15 మీటర్ల పైగా దూరంలో ఉన్న ఎదురు మూలలో 15 సెంటీమీటర్లకి మించి మందం రావాలి. అంత కాంక్రీటు బరువు ఎవరు మోస్తారు? నాలుగు మూలల్లోనూ గొట్టాలు పెడితే ఎత్తైన చోటు మధ్యలోకి వస్తుంది, మందం 8 సెంటీమీటర్ల లోపు ఆగిపోతుంది. రెవిట్‌లో దీనికి వాలు లేని కప్పు గీసి, షేప్ ఎడిటింగ్‌లో పాయింట్లు పెట్టి, గొట్టాల దగ్గర మట్టం దించుతారు. కప్పు పొరల్లో వాటం పొరకి మాత్రమే వేరియబుల్ అని టిక్ పెట్టాలి. అది పెట్టకపోతే కింద శ్లాబు కూడా వంగిపోతుంది, మీ గదిలో సీలింగు వాలుగా కనిపిస్తుంది.

ఇక వంపు కప్పులు. ఇక్కడ సిడ్నీ ఒపేరా హౌస్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

1957లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ దాని డిజైన్ పోటీ గెలిచారు. ఆ డ్రాయింగుల్లో తెరచాపల్లాంటి ఆకారాలున్నాయి. వాటికి జ్యామితి లేదు, చేత్తో గీసిన వంపులు మాత్రమే. ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఆయనతో కలిసి ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. పారాబొలాలతో ప్రయత్నించారు, ఎలిప్సాయిడ్లతో ప్రయత్నించారు. ఏ పద్ధతిలో చూసినా ప్రతి ముక్కా వేరే ఆకారంలో వచ్చేది. అంటే ప్రతి ముక్కకీ కొత్త అచ్చు. ఈలోగా 1959లోనే కింద పునాది వేదిక పనులు మొదలుపెట్టేశారు. కప్పు ఎలా ఉంటుందో తెలియకుండా కట్టిన స్తంభాలు తర్వాత కప్పు బరువుకి చాలక మళ్లీ కట్టాల్సి వచ్చింది.

1961లో దారి దొరికింది. తెరచాపల్లాంటి ఆ పెద్ద కప్పు పెంకులన్నిటినీ ఒకే గోళం నుంచి కోసి తీయడం. బత్తాయి తొక్కని త్రికోణాలుగా కోస్తే ప్రతి ముక్కకీ ఒకే వంపు ఉంటుంది కదా, అలా. ఆ గోళం వ్యాసార్ధం సుమారు 75 మీటర్లు. చిన్న పెంకైనా పెద్ద పెంకైనా వంపు ఒకటే కాబట్టి కొద్దిపాటి అచ్చులతోనే సైట్‌లో ఆ పెంకుల్ని మోసే కాంక్రీటు పక్కటెముకల ముక్కలు పోత పోశారు. పైన వేసిన టైల్స్ పది లక్షలకి పైనే, అవి కూడా ఒకే వంపు మీద కూర్చున్నాయి. ఉట్జన్ 1966లో మధ్యలోనే వెళ్లిపోయారు. భవనం 1973 అక్టోబరు 20న ప్రారంభమైంది. 2003లో ఆయనకి ఆర్కిటెక్చర్‌లో పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

నేను ఈ కథని ఇంత వివరంగా చెప్పడానికి కారణం మీ రైనో ఫైళ్లు. ఆ భవనాన్ని మోడల్ చేయమంటే విద్యార్థులు ఫొటో వెనక పెట్టుకుని వంపు గీతలు గీసి, వాటి మధ్య సర్ఫేస్ లాఫ్ట్ చేస్తారు, అంటే గీతల మధ్య తలం పరుస్తారు. రెండు రోజులు పడుతుంది, అయినా పెంకులు రెండూ పైన కలవవు. అదే నియమంతో మొదలుపెడితే ఒక గోళం తీసుకోండి, నిలువు తలంతో కోయండి, అది కొప్పు గీత. అడుగున ఒక బిందువు నుంచి ఇంకో కోత, అది పక్క అంచు. వచ్చిన త్రికోణాన్ని నిలువు తలానికి అవతలివైపు మిర్రర్ చేయండి. ఒక పెంకు పూర్తయింది. పెంకులు కచ్చితంగా కలుస్తాయి, ఎందుకంటే కలవక తప్పదు.

వంపు ఎంచుకునేటప్పుడే ఆ కప్పుని దేంతో కడతారో ఆలోచించండి. సిలిండర్‌కీ శంకువుకీ ఒక దిశలోనే వంపు ఉంటుంది, రేకుని వంచి కప్పేయవచ్చు. గోళానికి రెండు దిశల్లోనూ వంపే, చదును రేకు దాని మీద ముడతలు పడకుండా కూర్చోదు. మధ్యలో ఇంకో రకం ఉంది, గుర్రపు జీనులా వంగే హైపర్బాలిక్ పారబొలాయిడ్. రెండు దిశల్లో వంపు ఉన్నా మొత్తం సరళరేఖలతోనే తయారవుతుంది. ఫీలిక్స్ కాండెలా 1958లో మెక్సికో నగరంలోని సోచిమిల్కో దగ్గర లాస్ మనాంతియాలెస్ రెస్టారెంటుకి ఇలాంటి కప్పులే వేశారు. కాంక్రీటు మందం 4 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. సెంట్రింగ్‌కి తిన్నని చెక్కలు సరిపోయాయి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెండు తిన్నని గీతలు, వాటి మధ్య సరళరేఖలతో నింపే ఒక రూల్డ్ సర్ఫేస్ చాలు.

ఏ నియమానికీ లొంగని పరిస్థితీ ఉంటుంది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గ్రేట్ కోర్ట్ అలాంటిదే. 2000లో తెరిచారు, నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్. చుట్టూ దీర్ఘచతురస్రాకారపు పాత భవనం, లోపల గుండ్రటి రీడింగ్ రూమ్. అది కూడా సరిగ్గా మధ్యలో లేదు. గుండ్రం నుంచి దీర్ఘచతురస్రానికి కప్పు సాఫీగా మారాలి. బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ విలియమ్స్ ఆ తలానికి గణిత సమీకరణం రాసి, దాని మీద గీతల వల పరిచి, కంప్యూటర్‌తో సర్దించారు. మొత్తం 3,312 గాజు పలకలు, అన్నీ త్రికోణాలే. ఏ మూడు బిందువుల మీదుగానైనా ఒక చదును తలం పోతుంది కాబట్టి ప్రతి గాజూ చదునుగానే ఉంటుంది. నాలుగు మూలల పలకలైతే చాలాచోట్ల మెలి తిరగాల్సి వచ్చేది. రైనోలోని గ్రాస్‌హాపర్‌లో మీరు ప్యానెలింగ్ చేసేటప్పుడు, అంటే తలాన్ని పలకలుగా విడగొట్టేటప్పుడు, త్రికోణమా చతుర్భుజమా అనే ఎంపిక అందం కోసం అనుకోకండి. అది గాజు ఫ్యాక్టరీ బిల్లుని నిర్ణయిస్తుంది.

ప్రశ్నలకి కొంచెం సమయం ఉంది. చెప్పండమ్మా.

స్కెచప్‌లో కప్పు చేసి రెవిట్‌లోకి ఇంపోర్ట్ చేస్తే సరిపోదా అని అడుగుతున్నారు. ఆకారం చూపించడానికి సరిపోతుంది. కానీ ఇంపోర్ట్ అయిన దానికి తాను కప్పునన్న సంగతి తెలియదు. పొరలుండవు, వాలు కొలత ఉండదు, గోడల్ని దానికి అటాచ్ చేయలేరు, పెంకుల పరిమాణం షెడ్యూల్ పట్టికలో రాదు. దాన్ని మాస్‌లోకి, అంటే రెవిట్‌లో వట్టి ఆకారాన్ని ఉంచే చోటికి, తెచ్చి ముఖాల మీద కప్పు వేసే రూఫ్ బై ఫేస్‌తో పైపొర వేయవచ్చు. చదును ముఖాలకి అది బాగానే పనిచేస్తుంది. వంపు తలం అయితే వందల త్రికోణాలుగా ముక్కలై వస్తుంది, ఒక్కో ముక్కకీ కప్పు వేసుకుంటూ కూర్చోవాలి. అలాంటప్పుడు వంపు నియమాన్నే రెవిట్ మాస్‌లో మళ్లీ కట్టడం మేలు.

వెనక నుంచి ఆ బాబు అడుగుతున్నది, ఎర్రర్ వచ్చి కప్పే రానప్పుడు ఎక్కడి నుంచి వెతకాలి అని. మంచి ప్రశ్న. ముందు అన్ని అంచులకీ వాలు టిక్ తీసేసి చదును కప్పు వస్తుందో లేదో చూడు. రాకపోతే చుట్టుగీతలోనే లోపం ఉంది. రెండు గీతలు కలవకుండానో, ఒకదాని మీద ఒకటి పడో ఉంటాయి. చదునుగా వస్తే ఒక్కో అంచుకీ వాలు ఇస్తూ పో. ఎక్కడ విరిగిందో ఆ అంచు దగ్గర ఆగు. చాలాసార్లు అక్కడ గోడ పది పదిహేను సెంటీమీటర్లు లోపలికి తగ్గి ఉంటుంది, కాలమ్ కోసమో, డక్ట్ కోసమో. ఆ చిన్న మెలిక దగ్గర కప్పు బుల్లి మూలవాసం, బుల్లి వ్యాలీ పుట్టించడానికి ప్రయత్నిస్తుంది. వచ్చినా కట్టలేని ముక్క అది. అక్కడ గోడ మెలిక తిరిగినా చూరు తిరగనక్కర్లేదు. చూరు గీతని ఆ మెలిక మీదుగా తిన్నగా గీసెయ్, ఒకవైపు చూరు 60 సెంటీమీటర్లు ఉంటే మెలిక దగ్గర 75 అవుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకి కనిపించేది తిన్నని చూరే. మేస్త్రీకి కోయాల్సిన పెంకులు కూడా తగ్గుతాయి.